ఆగ్నేయ మూల సముద్రం

1999 అక్టోబరు 4, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. అద్దంకిలో రాత్రంతా కురిసిన వాన ఏడింటికి ఆగింది. గాలి లేదు. జువాలజీ ల్యాబు గోడకున్న థర్మామీటరులో పాదరసం ఇరవై తొమ్మిది దగ్గర నిలిచి ఉంది. ల్యాబు అటెండరు రెబ్కా ఆ అంకెను నోటుబుక్కులో రాసుకుంది. చేతులు తుడుచుకొని, పుస్తకం చంకన పెట్టుకొని, కరస్పాండెంటు గదికి బయలుదేరింది.

గదిలో కరస్పాండెంటు యలమందయ్య బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. పొగాకు వ్యాపారం మీద వచ్చినదానితో ఈ డిగ్రీ కాలేజీ కట్టాడు. ఎదురు కుర్చీలో జువాలజీ లెక్చరరు బిందుమాధవి ఉంది. రెబ్కా ఆమె కుర్చీ పక్కన నిలబడింది.

జనవరి పదో తేదీన కాలేజీకి తనిఖీ బృందం వస్తుంది. ఆ లోపల యలమందయ్యకు ఒక సముద్రపు తొట్టె కావాలి. చేపలు మాత్రమే తిరిగే తొట్టె కాదు. మద్రాసులో ఒక హోటల్లో తాను చూసినట్టుగా పగడాలు, పువ్వుల్లా విచ్చుకొనే అనిమోన్లు, ఎర్రచారల రొయ్యలు ఉన్నది, మనిషి పొడవుది. జిల్లాలో మరే కాలేజీలోనూ అటువంటిది లేదు.

"ఎన్నాళ్ళు పడుతుంది మేడమ్?" అని ఆయన బిందుమాధవిని అడిగాడు. బిందుమాధవి రెబ్కా వైపు చూసింది.

"తొంభై రోజులు పడుతుందండి" అంది రెబ్కా.

"తొంభై రోజులా? మా బ్యారన్‌లో ఆకు కాల్చి, గ్రేడు చేసి, బేళ్ళు కట్టి పంపడానికి గూడా అంత పట్టదే."

"బ్యారన్‌లో పెట్టేది చచ్చిన ఆకండి. ఇక్కడ పెట్టేవి బతకాలి."

యలమందయ్య నవ్వాడు. ఆయనకు ఎదురుమాట నచ్చిన సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి. "సరే, చెప్పు. నిలబడి చదువు."

రెబ్కా చదివింది. ఆమె చదువు ఇంటర్మీడియెట్ బైపీసీ. ప్రాణంతో ఉన్న పగడాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ల్యాబు అద్దాల బీరువాలో ఉన్న మూడు తెల్లని అస్థిపంజరాలకు పదకొండేళ్ళుగా దుమ్ము దులుపుతూ వచ్చింది, అంతే. కాని లైబ్రరీలో ఉన్న ఒకే ఒక పాత పుస్తకంలోని రెండు అధ్యాయాలను నిఘంటువు పక్కన పెట్టుకొని ఆమె నాలుగుసార్లు చదివింది. మండపం అనే ఊళ్ళోని సముద్ర పరిశోధన కేంద్రంలో ఒక శాస్త్రవేత్తకు రెండు ఉత్తరాలు రాసింది. ఆయన రెండింటికీ జవాబిచ్చాడు. రెండో జవాబు ఆరు పేజీలు.

తొట్టె ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండున్నర ఎత్తు. వెయ్యి లీటర్లకు కొంచెం పైన నీళ్ళు. రాళ్ళతో, గాజుతో కలిపి టన్నున్నర బరువు. కాబట్టి మేడ మీద కాదు, నేల మీదే, ఇటుక దిమ్మె కట్టి, దానిపై థర్మోకోల్ పరిచి. నీటి వేడి ఇరవై ఎనిమిది దాటకూడదు. కాలేజీలో ఏసీ ఉన్నది కంప్యూటర్ ల్యాబులో ఒక్కచోటే. కాబట్టి దాని పక్క గది. ఆ గదికి ఎండ పడదు, జనరేటరు తీగ దగ్గర. సముద్రపు నీళ్ళు ఒడ్డున ముంచకూడదు; ఓడరేవు నుంచి పడవ మీద లోపలికి వెళ్ళి తేవాలి. నీళ్ళు, ఇసుక, సముద్రంలోనుంచి తీసిన రాళ్ళు పెట్టాక నలభై అయిదు రోజులపాటు ఒక్క ప్రాణినీ వదలకూడదు.

"ఖాళీ తొట్టెనా? నెలన్నరా?"

"ఖాళీ కాదండి. రాళ్ళ మీద కంటికి కనపడని క్రిములు పెరగాలి. చేపల మురికిని విరిచేవి అవే. కొత్త ఇంట్లో మనుషుల్ని దించేముందు మురుగుకాలవ తవ్వుకోవాలి గదండి, అట్టాంటిది."

ఆమె రాసుకొన్న నిబంధనలు పధ్నాలుగు. ఏడోది చదివేటప్పుడు ఆమె కొంచెం ఆగి, గొంతు పెంచింది. "తొట్టెలో నీటిని ఏ లోహమూ తాకరాదు. రాగి, ఇత్తడి అసలే తాకరాదు. చేపకు కీడు చెయ్యనంత రాగి కూడా రొయ్యనీ పగడాన్నీ చంపుతుంది." బిందుమాధవి తల ఊపింది. ఆ పధ్నాలుగింటినీ తర్వాత టైపు చేయించి, కింద ఆమె సంతకం పెట్టింది. రెబ్కా పేరు ఆ కాగితంలో లేదు. లెక్చరరు సంతకం లేనిదే ప్రిన్సిపాలు వస్తువులు తెప్పించడు కనుక అది రెబ్కాకు వింతగా తోచలేదు.

యలమందయ్య లేచి నిలబడ్డాడు. "మేడమ్ ఎదురుగానే చెబుతున్నా, ఇనుకో రెబ్కా. పదో తారీకున ఆ పగడాలు తొట్టెలో కనబడితే, నెల తిరక్కముందే నీ పర్మనెంటు ఆర్డరు మీద సంతకం పెడతా. పదకొండేళ్ళయింది గదా, టెంపరరీగా?"

"ఈ జూన్‌కి పదకొండు నిండినాయండి."

ఏడాదికోసారి ఏప్రిల్ ముప్పైన ఆమెను తీసివేసి, జూన్‌లో తిరిగి తీసుకొనేవారు. ఆ మధ్య నలభై రోజులూ ఆమె మిరప కల్లాల్లో తాలుకాయ ఏరేది. నలభై నాలుగో ఏట, గోళ్ళ సందుల్లో ఘాటు దిగి, రాత్రిళ్ళు చేతులు మజ్జిగలో ముంచుకొని కూర్చోవలసిన పని అది. ఆ వేసవులు ఇకమీదట ఉంటాయా, ఉండవా అన్నది ఇప్పుడు ఒక తొట్టెడు నీటి మీద ఆధారపడింది.

నీళ్ళు అక్టోబరు పదిహేడున, ఆదివారం వచ్చాయి. ఓడరేవుకు వెళ్ళే లారీలో డ్రైవరు ఆరు ఖాళీ డ్రమ్ములు ఎక్కించి తెచ్చాడు. రెబ్కా ఒక్కొక్క డ్రమ్ములో తల పెట్టి వాసన చూసి, ఆరింటినీ దింపించింది.

"మూడుసార్లు కడిగానక్కా. సబ్బేసి కడిగా" అన్నాడు డ్రైవరు.

"ముప్పై సార్లు కడుగు. పత్తికి కొట్టే మందు కలిపిన డ్రమ్ములో నేను నీళ్ళు తేను."

"నువ్వు దాంట్లో బువ్వొండుకుంటావా ఏంది?"

"నేనైతే వండుకునేదాన్నేమోలే. ఇవి నాకంటే సుకుమారం."

మూడు గంటలు ఆలస్యమైంది. చివరకు ఒక ఊరగాయల వ్యాపారి దగ్గర ప్లాస్టిక్ పీపాలు దొరికాయి. కాలేజీ వాచ్‌మన్ గౌస్ బాషా పడవ మీద ఆమెతో పాటు వచ్చి, నీళ్ళు తోడుతూ, "ఈ సముద్రానికి ఆవకాయ రుచి తగిలిందక్కా, చేపలు అన్నం అడగతయ్యి" అన్నాడు. సాయంత్రానికి నాలుగు మడతల పంచెతో వడపోసిన నీరు తొట్టెలో నిలిచింది. ఆమె ఉప్పదనం కొలిచే హైడ్రోమీటరు వదిలి, కళ్ళను నీటిమట్టానికి సమంగా ఆనించి, అంకె చూసి రాసుకొంది.

తర్వాతి నలభై అయిదు రోజులూ ఆమె చేసిన పనిలో చూపించదగినది ఏమీ లేదు. ఉదయం ఎనిమిదింటికి ఒక పరీక్షనాళికలో నీరు తీసి, చుక్క మందు వేసి, నీటిలో మురికిని చూపే పసుపు రంగు ఎంత ముదిరిందో చూసేది. పసుపు ముదిరింది, తర్వాత తేలింది, తర్వాత మరో మందుకు గులాబి రంగు వచ్చి, అదీ తగ్గింది. నవంబరు ఇరవై తొమ్మిదిన రెండు నాళికలూ ఏ రంగూ తిరగక నీళ్ళలాగే మిగిలాయి. ఆమె వాటిని కిటికీ వెలుతురులో చాలాసేపు పట్టుకొంది.

డిసెంబరు మూడున మద్రాసు నుంచి గాలి నింపిన సంచులు వచ్చాయి. రెండు క్లౌన్ చేపలు, నాలుగు నీలం చేపలు, మూడు ఎర్రచారల రొయ్యలు, రెండు సముద్ర నక్షత్రాలు, ఒక అనిమోన్, తొమ్మిది మెత్తని పగడాలు. సంచులను తొట్టెలో తేలించి, గ్లాసెడు గ్లాసెడుగా నీళ్ళు కలుపుతూ ఆమె రెండు గంటలు నేల మీద మోకాళ్ళ మీద ఉంది. పగడాలు మొదట తడి తోలు ముద్దల్లా పడి ఉన్నాయి. మరునాడు పదకొండింటికి వాటిలో ఒకటి విచ్చుకొంది. ముద్ద మీద వందలకొద్దీ సన్నని వేళ్ళు లేచి, ప్రతి వేలి కొనకూ ఎనిమిది రేకులు తెరుచుకొని, పంపు తోసే నీటికి ఒకే వైపు వంగాయి. రెబ్కా బిందుమాధవిని పిలవడానికి వెళ్ళి, వరండా సగం దాటాక, ఎందుకో ఆగి, వెనక్కు వచ్చి మళ్ళీ చూసింది. తర్వాతే వెళ్ళి పిలిచింది.

డిసెంబరు తొమ్మిది, గురువారం సాయంత్రం యలమందయ్య ఆ గదికి వచ్చాడు. విచ్చుకొన్న పగడాలను చూసి, చేతులు వెనక్కు కట్టుకొని, తొట్టె ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

"బాగుంది. నిజంగా బాగుంది రెబ్కా. పదహారు నుంచి ధనుర్మాసం, మళ్ళీ పండగ దాకా ముహూర్తాలు లేవంట. అందుకని రేపు పొద్దున పది గంటల పన్నెండు నిమిషాలకి పూజ పెట్టించా." ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు రేపు పొద్దుటిపూట రాబాక. సిద్ధాంతి గారు పట్టింపు మనిషి. మధ్యాహ్నం నుంచి యథాప్రకారం అంతా నీదే."

రెబ్కా క్రైస్తవురాలు, ఊరికి దక్షిణాన పల్లెలో ఆమె ఇల్లు. అది చెప్పవలసిన అవసరం ఆయనకూ లేకపోయింది, వినవలసిన అవసరం ఆమెకూ లేకపోయింది.

"నీళ్ళలో ఏమీ వెయ్యొద్దని చెప్పండయ్యగారూ. పసుపు, కుంకం, పాలు..."

"మేడమ్ ఉంటారుగా. ఆమెకి తెలుసుగా."

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి రెబ్కా వచ్చేసరికి గదిలో కర్పూరం వాసన ఉంది. అద్దం మీద అయిదు కుంకుమ బొట్లు. ఒక బంతి రేక నీటిపై తేలుతోంది. ఆమె రేకను తీసి, బొట్లను తడిగుడ్డతో తుడిచి, పరీక్షనాళికలు రెండూ చూసింది. తేడా లేదు. ఇసుక నాలుగు మూలలా, మధ్యలో ఒకచోట కొద్దిగా ఎగుడుదిగుడుగా ఉంది. నక్షత్రాలు పాకి ఉంటాయనుకొంది.

శనివారం ఉదయం మూడు రొయ్యల్లో రెండు వెల్లకిలా పడి ఉన్నాయి. ఆదివారం ఆమె ప్రార్థనకు వెళ్ళక కాలేజీకే వచ్చింది. మూడో రొయ్య చనిపోయింది. ఒక నక్షత్రం రాతి మీద నుంచి ఊడి, దాని ఒక చెయ్యి తెగి విడిగా పడింది. పీపాల్లో నిల్వ ఉంచిన సముద్రపు నీటితో ఆమె నాలుగోవంతు నీరు మార్చింది. సోమవారం పగడాలు తెరుచుకోలేదు. అనిమోన్ తన పట్టు వదిలి, లోపలిది బయటికి వచ్చి, పంపు పక్కన దొర్లుతోంది. చేపలు ఆరూ మాత్రం ఎప్పటిలాగే మేతకు పైకి వచ్చాయి. ఆ ఒక్క సంగతే ఆమెను వేధించింది. నీరు కుళ్ళితే ముందు పోవలసినవి చేపలు.

ఆ సాయంత్రం స్టాఫ్ మీటింగులో యలమందయ్య, అటెండరు అజాగ్రత్త వల్ల విలువైన ప్రాణులు పోయాయని అన్నాడు. టీ అందిస్తూ ఆ గదిలోనే ఉన్న గౌస్ బాషా, మీటింగు ముగిశాక గ్లాసులు కడగకుండా నేరుగా రెబ్కా దగ్గరకు వచ్చాడు.

"అక్కా, ఆ రేకులు అట్టనే ఉండాలా లోపల?"

"ఏ రేకులు?"

"నీకు చెప్పలేదా? పూజనాడు సిద్ధాంతి గారు ఇసకలో పూడిపించాడు గదా. అయిదు. అరచెయ్యంత ఉంటయ్యి. చేప బొమ్మ, గళ్ళు, గళ్ళల్లో అంకెలు. ఈ గది ఆగ్నేయాన పడిందంట. ఆగ్నేయం నిప్పు మూల, అక్కడ ఇన్ని నీళ్ళు పెడితే యజమానికి కీడంట. అందుకని మత్స్య యంత్రాలు."

"దేంతో చేసినవి?"

"రాగి."

రెబ్కా స్టూలు మీద కూర్చుంది.

"నువ్వు చూశావా?"

"కొబ్బరికాయలు అందిస్తా గుమ్మంలో నిలబడ్డా. నేను గుమ్మం దాకా పనికొచ్చాలే అక్కా. నువ్వు గేటు దాకా గూడా పనికిరాలేదు." అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకొన్నాడు.

ఆమె చీర కొంగు దోపుకొని, చేతిని భుజం దాకా నీళ్ళలో పెట్టి, మూలనున్న ఇసుకను వేళ్ళతో తవ్వింది. రేకు అంచు తగిలింది. పైకి తీసింది. నాలుగు రోజుల్లోనే దాని మీద పచ్చటి చిలుము పట్టింది. దాన్ని తెచ్చిన చేతిలోంచి పచ్చని చుక్కలు తిరిగి తొట్టెలోకే కారాయి. అయిదింటినీ తీసి, గుడ్డలో చుట్టి, ల్యాబులోకి వెళ్ళింది. బిందుమాధవి రికార్డులు దిద్దుతోంది. రెబ్కా గుడ్డ విప్పి ఆమె ముందు పెట్టింది.

"మీరు అక్కడే ఉన్నారు గదా మేడమ్."

"ఉన్నాను."

"ఏడో నిబంధన మీ సంతకంతోనే ఉంది."

బిందుమాధవి పెన్ను మూత పెట్టింది. "ఆయన వాటిని పళ్ళెంలో తెచ్చేదాకా నాకు తెలియదు రెబ్కా. తెచ్చాక, అందరూ చేతులు జోడించి ఉన్నారు. కరస్పాండెంటు గారు, ఆయన భార్య, ప్రిన్సిపాలు గారు. నేనప్పుడు, ఆగండి, ఇది విషం అని..." ఆమె గుడ్డ అంచును రేకుల మీదికి లాగింది. "తర్వాత తీయిద్దామనుకున్నాను. ఆ సాయంత్రమే."

"సాయంత్రం నేనిక్కడే ఉన్నా. ఒక్క మాట నాకు చెబితే నేనే తీసేదాన్ని."

"నువ్వు తీస్తే ఎవరు తీయించారని అడుగుతారు."

రెబ్కా గుడ్డ మళ్ళీ చుట్టింది. యలమందయ్య ఇంకా తన గదిలోనే ఉన్నాడు; ఆమె అక్కడికి వెళ్ళింది. ఆమె చెప్పినదంతా ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత అడిగింది ఒకటే. "ఎవరు చెబితే తీశావు?"

"ప్రాణాలు పోతున్నాయండి."

"పోయినేడు అదే మూలన స్లాబు కూలి మేస్త్రీ పోయాడు. పెళ్ళై ఆర్నెల్లు గాలా. ఆ పిల్ల వచ్చి నా గుమ్మంలో కూర్చుంది, ఏమీ అడగలా, ఊరికే కూర్చుంది. అది ప్రాణం గాదా? నీ రొయ్యలేనా ప్రాణాలు?" ఆయన గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. రెబ్కా దానికి సిద్ధపడి రాలేదు.

"రేకులు దిమ్మె కింద పెట్టుకోండయ్యగారూ. ఇటుకల మధ్య. నీళ్ళకి తగలకుండా."

"నీళ్ళలోనే ఉండాలన్నాడాయన. నీళ్ళదే దోషం." గౌస్ బాషాను పిలిచి, రేకులు అతని చేతిలో పెట్టాడు. "ఎక్కడివి అక్కడ పెట్టు."

గౌస్ బాషా రెబ్కా వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతను వెళ్ళాడు.

"చేపలు బానే ఉన్నాయి గదా" అన్నాడు యలమందయ్య, కొంత మెత్తబడి. "వాటిని కాపాడు. మిగతాది నేను చూసుకుంటా."

డిసెంబరు ఇరవై రెండున విజయవాడ నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో ఎండుగడ్డి మధ్య పద్దెనిమిది ప్లాస్టిక్ పగడాలున్నాయి. ఊదా, నారింజ, పాలతెలుపు. సిలికాన్ రబ్బరుతో చేసిన అనిమోన్ ఒకటి. నీళ్ళు కదిలితే దాని వేళ్ళు కదిలేవి. రెబ్కా చచ్చిన పగడాలను ఒక్కొక్కటిగా బకెట్లోకి తీసింది. కుళ్ళిన గుడ్డు వాసనకు గౌస్ బాషా ముక్కు మూసుకొన్నాడు. తర్వాత ఆమె ప్లాస్టిక్ పగడాలను అమర్చింది. మొదట పెట్టెలో వచ్చిన వరుసలోనే పెట్టింది. దూరం జరిగి చూసి, తిరిగి అన్నీ తీసి, వెలుతురు కోరేవి పైన, నీడ కోరేవి రాతి కింద ఉండేట్టు, పుస్తకంలో ఉన్నట్టుగా సర్దింది. అలా సర్దాలని ఎవరూ చెప్పలేదు. నీళ్ళు తుడుచుకొంటున్నప్పుడు తానేమి చేసిందో ఆమెకు తెలిసింది. కాని మార్చలేదు.

జనవరి పది, సోమవారం పదకొండున్నరకు తనిఖీ బృందం ఆ గదిలోకి వచ్చింది. ముగ్గురు. వారి వెనక యలమందయ్య, ప్రిన్సిపాలు, బిందుమాధవి. రెబ్కా తొట్టె పక్కన నిలబడి ఉంది. ముగ్గురిలో పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వంగాడు. క్లౌన్ చేపలు రెండూ రబ్బరు అనిమోన్ వేళ్ళ మధ్యకు దూరి, బయటికి వచ్చి, మళ్ళీ దూరాయి. దానికి కూడా అవి అలవాటు పడ్డాయి.

"దీన్ని చూసుకునేది ఎవరమ్మా?"

"మా రెబ్కా అండి" అన్నాడు యలమందయ్య. "పధ్నాలుగు నిబంధనలు రాసి మరీ చేసింది. మేడమ్ పర్యవేక్షణ."

ఆ గదిలో ఆమె పని ఆమె పేరుతో వినబడడం అదే మొదటిసారి.

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు. "పగడాల్ని బతికించడం చాలా కష్టమని చదివాను. ఇవన్నీ బతికున్నవేనా?"

ఇది ఎవరూ ఊహించని ప్రశ్న కాదు. రెబ్కా మూడు వారాలుగా దానికోసమే ఎదురుచూసింది. రెండు జవాబులు సిద్ధం చేసుకొంది. ఒకటి పొడవైనది, అందులో తేదీలు, పరీక్షల అంకెలు, రాగి, ఏడో నిబంధన, అన్నీ వరుసలో ఉన్నాయి. దాన్ని ఆమె ఇంట్లో పైకి చెప్పుకొని కూడా చూసింది. పెద్దాయన భుజం మీదుగా బిందుమాధవి కనిపించింది. ఆమె నేల వైపు చూస్తోంది, అరచేతులు రెండూ ఒకదానితో ఒకటి అదుముకొని. పూజనాడు కూడా ఇలాగే నిలబడి ఉంటుందని రెబ్కాకు తోచింది. మనుషులు చేతులు జోడించి ఉన్న గదిలో, ఒక మాట ఎంత దూరంలో ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండుననుకొంది.

"బతికున్నవేనండి" అంది.

"అవి కదలవేం?"

"పగలు ముడుచుకుంటాయండి. రాత్రి తెరుచుకుంటాయి."

ఆయన తల పంకించి రాసుకొన్నాడు. అటువంటి పగడాలూ ఉన్నాయి. ఆమె అబద్ధాన్ని నిజంతోనే కట్టింది. అది ఆమె చదువు.

బృందం వెళ్ళాక బిందుమాధవి వెనుక ఉండిపోయింది. "థాంక్స్ రెబ్కా" అంది.

"దేనికి మేడమ్?"

రెబ్కా వల గరిటెతో తేలుతున్న మేతను తీసి, గుడ్డకు తుడిచి, మేకుకు తగిలించింది.

"మీరు ఆ రోజు ఎందుకు మాట్లాడలేదో నేను అడిగాను" అంది తర్వాత, అటు తిరిగే. "ఇంక అడగనులెండి."

యలమందయ్య మాట తప్పలేదు. జనవరి ఇరవై నాలుగున ఆర్డరు వచ్చింది. ల్యాబు అసిస్టెంటు, పర్మనెంటు. రెబ్కా దాన్ని రెండుసార్లు చదివి, అడిగినచోట సంతకం పెట్టి, నకలు తీసుకొంది. క్లౌన్ చేపలు మార్చి దాకా బతికాయి. వాటి స్థానంలో కొత్తవి తెచ్చారు. మరుసటి ఏడాది పగడాలను సముద్రంలో నుంచి తీయడాన్ని చట్టం నిషేధించింది కనుక, మళ్ళీ నిజమైనవి తెప్పిద్దామన్న మాట ఎవరూ ఎత్తవలసి రాలేదు.

2000 నుంచి 2011 వరకు ఆ కాలేజీలో పన్నెండు బ్యాచ్‌ల బీయస్సీ విద్యార్థులు పగడాల ప్రాక్టికల్‌కు ఆ తొట్టె ముందు కూర్చొని, ప్లాస్టిక్ పగడాలను చూసి బొమ్మలు గీసి, భాగాలు గుర్తించారు. ప్రతి రికార్డులోనూ ఆ పేజీ కింద బిందుమాధవి సంతకం ఉంది. ఆ బొమ్మకు మార్కులు పోయిన విద్యార్థి ఒక్కరూ లేరు.